ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న పెడుతున్న కిడ్నీ ఫార్వర్డు: ఎలా ఆపాలి?

గంటస్తంభం గుంట (విజయనగరం)

మెట్టినిల్లు విజయనగరం. పుట్టిల్లు సోంపేట వైపు, కొబ్బరితోటల మధ్య ఊరు. నాన్నకి రక్తపరీక్షలో, కిడ్నీ పనితనం చెప్పే క్రియాటినిన్ పెరుగుతోంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వాళ్లకి ఈ ఒక్క ముక్క చెప్తే చాలు, మిగతాది చెప్పక్కర్లేదు. డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. మందులతో, పత్యంతో నెట్టుకొస్తున్నారు.

ఇబ్బంది నాన్నతో కాదు, పెదనాన్నతో. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. మా చుట్టుపక్కల ఊళ్లలో సగం మందికి ఎక్కాలు నేర్పింది ఆయనే. పొద్దున్న అయిదయ్యేసరికి గ్రూపులో గులాబీ పువ్వు, శుభోదయం, దాని వెనకాలే ఒక ఆరోగ్య చిట్కా. మొన్నటిది ఇదిగో, ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"కిడ్నీ రోగులకు శుభవార్త!! కోత లేదు, ఖర్చు లేదు. కట్ట కొత్తిమీర శుభ్రంగా కడిగి, తరిగి, పది నిమిషాలు మరిగించి వడగట్టండి. ఆ నీళ్లు రోజూ పరగడుపున తాగండి. మధ్యాహ్నం రెండు కొబ్బరి బొండాలు. కిడ్నీలో విషమంతా కొట్టుకుపోతుంది. పెద్ద డాక్టర్లు మీకు చెప్పని రహస్యం. మీ దగ్గరే ఉంచుకోకండి, కనీసం పదిమందికి పంపండి. ఒక ప్రాణం నిలబెట్టినవారవుతారు."

దొడ్డమ్మ దణ్ణాల బొమ్మ పెట్టింది. చిన్నాన్న "చాలా ఉపయోగకరం అన్నయ్యా" అన్నారు. సాయంత్రానికి అమ్మ ఫోను: "కొత్తిమీర తెప్పించానే. బొండాలకేం కరువు, చెట్టునే ఉన్నాయి." డాక్టరు గారిని అడగమంటే, "మీ పెదనాన్న చదువుకోనివారా?" అంటోంది.

నాకు రెండు సంగతులు కావాలి. ఇది మంచిదా చెడ్డదా అన్నది ఒకటి. ఇలాంటివి అసలు ఎక్కడ పుడతాయి, ఇంత చదువుకున్నవాళ్లు కూడా ఎందుకు నమ్ముతారు అన్నది రెండోది. ఆయన మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెప్తే పుణ్యముంటుంది.

చంపావతి గట్టు

గ్రూపుని మ్యూట్‌లో పెట్టండి. మా ఇంట్లో అందరం అదే చేశాం. మా మావయ్య ఒక్కరే పెడతారు, ఒక్కరే చదువుకుంటారు.

గంటస్తంభం గుంట

నేను మ్యూట్ పెడితే అమ్మ తాగించడం ఆగదు కదండీ.

ఏడు రోడ్ల నెట్ బాబాయ్ (శ్రీకాకుళం)

అమ్మా, ఏడు రోడ్ల కూడలి దగ్గర నాకు నెట్ సెంటరుండేది. ఇప్పుడది జెరాక్స్ షాపు. అప్పట్లో డయలప్పు, ఒక మెయిల్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. ఇప్పుడు మీ గ్రూపులో తిరుగుతున్న సరుకు తాత ముత్తాతలందర్నీ నేను అక్కడ చూశాను. అంచేత రెండో ప్రశ్న నాకు వదిలెయ్యండి. మొదటిదానికి ఆస్పత్రిలో పనిచేసేవాళ్లెవరైనా జవాబు చెప్తే మంచిది. నేను చెప్తే మళ్లీ ఇంకో ఫార్వర్డే అవుతుంది.

మెయిల్ కంటే ముందు కరపత్రం. మీ పెదనాన్నగారికి గుర్తుండకుండా ఉండదు. ఫలానా గుడిలో పాము కనిపించి, పూజారి రూపమెత్తి, కలియుగంలో జరగబోయేవన్నీ చెప్పి మాయమైందట. చదివినవాళ్లు వెయ్యి కాపీలు అచ్చేయించి పంచాలట. పంచినవాడికి లంకెబిందెలు దొరికాయి, నవ్వి పారేసినవాడు వారం తిరక్కుండా పోయాడు. పదిహేను పైసల పోస్టుకార్డు మీద కూడా ఇదే కథ వచ్చేది, దేవుడి పేరొక్కటే మారేది. లాభపడింది మాత్రం ప్రెస్సువాడూ పోస్టాఫీసూ.

మెయిలొచ్చాక ఆ ఖర్చూ పోయింది. 1994లో అమెరికాలో 'గుడ్ టైమ్స్' అని ఒక హెచ్చరిక బయల్దేరింది. ఆ పేరుతో వచ్చిన మెయిల్ తెరిచారంటే హార్డ్ డిస్క్ మొత్తం చెరిగిపోతుందని, అందరికీ చెప్పమని. అలాంటి వైరసే లేదు. ఆ హెచ్చరికే వైరస్‌లా తిరిగింది. 1997లో బిల్ గేట్స్ పేరుతో ఇంకోటి: మెయిళ్లు ఎవరెవరికి పోతున్నాయో పరీక్షిస్తున్నాను, మీరు పంచితే వెయ్యి డాలర్లిస్తాను అని. అది మా షాపు దాకా వచ్చేసరికి నాలుగైదేళ్లు పట్టింది, అయినా పిల్లలు వచ్చి ఆశగా పంపేవారు. "చెక్కు మన శ్రీకాకుళం బ్యాంకులో మారుతుందా అన్నా?" అని ఒకడు అడిగాడు కూడా. అదే 1997లో మీ కిడ్నీల బాపతు ఒకటి ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో ప్రయాణికుడికి మత్తుమందు పెట్టి, ఐసుతొట్టిలో పడుకోబెట్టి కిడ్నీ కోసుకుపోతున్నారని. అక్కడి పోలీసులు 'అలాంటి కేసు ఒక్కటీ లేదు మహాప్రభో' అని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించింది 2002 నాటి ఎలుగుబంటి. మెయిల్లో ఏముంటుందంటే: మీ కంప్యూటర్లో ఫలానా పేరుతో ఒక ఫైలుంటుంది, దాని మీద చిన్న బూడిదరంగు ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది. అది వైరస్. పద్నాలుగు రోజులు నిద్రపోయి లేస్తుంది, ఏ యాంటీవైరసూ పట్టుకోలేదు. వెంటనే తీసెయ్యండి, మీ అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ చెప్పండి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు నా షాపులో ఆ పేరు కొట్టి వెతికాడు. దొరికింది. బొమ్మ కూడా ఉంది! "అన్నా, నీ సిస్టమ్స్ అన్నిట్లో ఉందన్నా!" అని ఒకటే కేక. పక్క కుర్చీలవాళ్లంతా చేతిలో చాటింగ్ ఆపేసి ఎలుగుబంట్లని వెతకడం మొదలెట్టారు. ఉండకేం చేస్తుంది? విండోస్‌తో పాటే వచ్చే ఫైలది. జావా ప్రోగ్రాములు రాసేవాళ్లకి పనికొచ్చేది, మామూలోళ్లకి దాని గొడవే లేదు. అంటే ఆ మెయిల్ రాసినవాడు అబద్ధానికి సాక్ష్యాన్ని మన ఇంట్లోనే చూపించాడు. వెతికిన ప్రతివాడికీ దొరికింది, దొరికిన ప్రతివాడూ నమ్మి పంపాడు. మీ మెసేజిలో ఆ పని చేసేది కొత్తిమీర. మందు పేరేదో నోరు తిరగనిది చెప్తే ఎవరు పట్టించుకుంటారు? పెరట్లో ఉన్నదీ చెట్టున ఉన్నదీ చెప్పాడు.

ఇక చదువుకున్నవాళ్లు ఎందుకు నమ్ముతారంటారా. మా షాపులో జనం ఇవి ప్రింటు తీయించుకునేవారు, ఇంట్లో పెద్దవాళ్లకి చూపించడానికి. మూడు పేజీల ప్రింటులో రెండు పేజీలు అడ్రసులే ఉండేవి. ఎవరు ఎవరికి పంపారో వరసగా, ప్రతి లైను ముందూ బాణం గుర్తులు బారులు తీరి. పేజీకింత అని తీసుకునేవాణ్ణి, పాపం ఆ అడ్రసులకీ డబ్బు కట్టేవారు. ఖాళీగా ఉన్నప్పుడు నేనవి చదివేవాణ్ణి. అమెరికాలో ఎవరో, బెంగుళూరులో వాళ్ల క్లాస్‌మేటు, వైజాగ్‌లో ఆయన తోడల్లుడు, ఇక్కడ ఆమదాలవలసలో ఒక లెక్చరరు. ఆ వరసలో మోసగాడొక్కడూ కనపడడు. ప్రతివాడూ తనకి బాగా తెలిసినవాడి దగ్గరే పుచ్చుకుని తనకి బాగా తెలిసినవాడికే ఇచ్చాడు. మీ అమ్మ నమ్మింది కొత్తిమీరని కాదమ్మా, బావగారిని.

వాట్సాప్‌లో ఆ అడ్రసుల బారు కూడా లేదు. ఫార్వర్డెడ్ అన్న ముక్క ఒకటి, బాగా తిరిగినదైతే రెండు బాణాలు. రెండు బాణాలుంటే అది మీ చేతికి వచ్చేలోపే అయిదు చేతులో అంతకన్నా ఎక్కువో దాటినట్టు. ఆ మెసేజి మీద చూడండి, నా అంచనా రెండు బాణాలే.

ఇంకో సంగతి. వీటిలో సగం పూర్తి అబద్ధాలు కావు. నిజానికి ఊరూ తేదీ కోసేస్తే చాలు, పని జరిగిపోతుంది. 104కి ఫోన్ చేస్తే రక్తం ఇంటికి తెస్తారని మన దగ్గర ఎన్నేళ్లు తిరిగిందో. అది మహారాష్ట్రలో 2014లో పెట్టిన పథకం. మన ఆంధ్రాలో 104 అంటే ఊళ్లకి తిరిగే మందుల వ్యాను అని పసిపిల్లలకీ తెలుసు, అయినా పంపుతారు. దీపావళి రాత్రి ఆకాశం నుంచి ఇండియా అని ఏటా వచ్చే ఆ రంగురంగుల ఫోటో దీపావళిదీ కాదు, ఒక్క రాత్రిదీ కాదు. 1992 నుంచి 2003 దాకా ఉపగ్రహం పట్టిన వెలుగుల్ని కలిపి, ఏ ఊరు ఎప్పుడు పెరిగిందో తెలియడానికి శాస్త్రవేత్తలు వేసిన రంగులవి. మెసేజిలో 'ఈరోజు', 'నిన్న రాత్రి' అని ఉండి తేదీ లేకపోతే నేను అక్కడే ఆగిపోతాను. తేదీ లేని మెసేజికి వయసు రాదు.

డ్యూటీ సిస్టర్

నేను డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తాను. ఊరు చెప్పను. ముందు మీ అమ్మగారికి ఈ రాత్రే ఫోన్ చేసి రెండూ ఆపించండి. తర్వాత మిగతాది చదవండి.

కిడ్నీ బాగా పనిచేసేవాళ్లు కొబ్బరినీళ్లు తాగితే అందులోని పొటాషియం మూత్రంలో పోతుంది. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో రక్తంలోనే ఉండిపోతుంది. రిపోర్టులో 'కె' అని ఉంటుంది చూడండి, మామూలుగా మూడున్నర నుంచి అయిదు మధ్య ఉండాలి. ఆరు దాటితే మాకు పరుగులే. గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. నీరసం, కాళ్లు బరువెక్కడం కొందరికి ఉంటుంది, కొందరికి ఏమీ ఉండదు, ఈసీజీ తీస్తేనే బయటపడుతుంది. ఒక బొండంలో పొటాషియం ఒక అరటిపండుకి ఏమాత్రం తీసిపోదు. మీకు అందులో రోజుకి రెండు రాశారు.

కొత్తిమీర సంగతి ఇంకా విచిత్రం. కూరల్లో పొటాషియం తగ్గించడానికి మేము పేషెంట్లకి ఏం చెప్తామో తెలుసా? ఆకుకూర, కూరగాయ ముక్కలు తరిగి నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, ముక్కలు తినమంటాం. పొటాషియం నీళ్లలోకి దిగిపోతుంది కాబట్టి. ఈ మెసేజి సరిగ్గా ఆ పారబోయాల్సిన నీళ్లే తాగమంటోంది, ముక్కలు పారెయ్యమంటోంది!

అలాగని బొండం ముట్టుకున్న కిడ్నీ పేషెంటల్లా పడిపోతాడని నేను అనను. ఎవరికి ఎంత అన్నది వాళ్ల రిపోర్టుని బట్టి, వాడుతున్న మందుల్ని బట్టి. బీపీ మాత్రల్లో కొన్ని పొటాషియం పెంచుతాయి. మీ నాన్నగారికి ఎంతవరకు ఫర్వాలేదో చూసే డాక్టరే చెప్పాలి. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో వచ్చింది, మీవాళ్లకి మరీ దూరం కూడా కాదు.

ఉద్దానంలో ఇవి ఎందుకు ఇంతలా తిరుగుతాయో నాకు తెలుసు. నీళ్లని, పురుగుమందులని, ఎండలో పని అని ఎన్నో బృందాలు వచ్చి పరీక్షలు చేశాయి. కవిటిలో, సోంపేటలో, వజ్రపుకొత్తూరులో ఎవరింటికెళ్లినా రక్తం ఇచ్చినవాళ్లే. ఇంతమందికి ఎందుకొస్తోందో ఇదమిత్థంగా ఇప్పటికీ తేలలేదు. ఇంట్లో మనిషి పోతున్నాడు, ఎందుకో డాక్టరు చెప్పలేకపోతున్నాడు. అలాంటప్పుడు పెద్దాయన ఒకరు "ఇది తాగండి" అంటే ఎవరు కాదంటారు.

పెదనాన్నగారికి గ్రూపులో జవాబు పెట్టకండి. పదిమందిలో తమ్ముడి కూతురు కాదన్నదంటే ఆయన ఇక వెనక్కి తగ్గరు. ఫోన్ చేసి, "పెదనాన్నా, నాన్న రిపోర్టులో పొటాషియం చూశారా, ఈ నీళ్లకి పెరుగుతుందట, మీరొక్కసారి అమ్మకి చెప్పండి, మీరు చెప్తే వింటుంది" అనండి. ఆపించే పెత్తనం ఆయనకే ఇవ్వండి.

పంపితే ఏటి

అందరూ ఒకటే నీతులు. నిజమైతే ఒకరికి మేలు, కాకపోతే డిలీట్ చేసుకుంటారు. పంపితే పోయిందేటి? అంత తప్పయితే కంపెనీవోడే ఆపును కదా.

ఏడు రోడ్ల నెట్ బాబాయ్

కంపెనీవాడు ఆపే కొంత ఆపాడు బావూ, ఎందుకు ఆపాడో కూడా విను. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వీడియో వచ్చింది గుర్తుందా? బైకు మీద ఇద్దరొచ్చి రోడ్డు మీద ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లో, కరాచీ పిల్లల భద్రత కోసం తీసిన ప్రకటన. అసలు వీడియోలో బైకు వెనక్కి తిరిగొస్తుంది, పిల్లాణ్ణి దింపేసి, జాగ్రత్తగా ఉండమని అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవడో కోసేశాడు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలో ధులే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని జనం కొట్టి చంపేశారు. ఆ నెల్లోనే వాట్సాప్ ఇండియాలో ఒకేసారి అయిదు చాట్‌లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్లో, బాగా తిరిగిన మెసేజి అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే అంది.

అది పెద్ద కథ, మనది కాదంటావా? మన ఊరి కథ చెప్తా. పది రూపాయల నాణెం. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది: పద్నాలుగు రకాల డిజైన్లున్నాయి, అన్నీ చెల్లుతాయి, తీసుకోండి అని. అయినా మన దగ్గర బజ్జీల బండి నుంచి బట్టల కొట్టు దాకా "ఇది సెల్లదు బాబూ". మా పక్క కిళ్లీకొట్టు ఆయనకి అది మంచి నాణెమేనని నేనే చెప్పాను. "నాకు తెలుసు గానండి, నేను పుచ్చుకుంటే నా దగ్గర ఎవడు పుచ్చుకుంటాడు?" అన్నాడు. మరి ఆయన్నేమంటావు? నిజం తెలిసినవాడు కూడా అబద్ధం ప్రకారమే నడుచుకోవాల్సి వచ్చింది. దాన్ని నమ్మేవాడు ఒక్కడు మిగలకపోయినా ఆ పుకారు బతికే ఉంటుంది. ఎవడో "పంపితే పోయిందేటి" అనుకునే మొదలెట్టుంటాడు.

పంపితే ఏటి

నాణెం సంగతి నిజమే. నా దగ్గర డబ్బా నిండా ఉన్నాయి.

బారువ కెరటం

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా మీదే దాటింది. కొబ్బరి, జీడి తోటలు పోయాయి, కరెంటు లేదు. మేము చెట్లు నరుక్కుంటూ దారి చేసుకుంటున్నాం, మాకు పుకార్లకి తీరికెక్కడిది? ఫోను కాస్త పనిచేశాక చూస్తే, వచ్చిన భయాలన్నీ తుపాను తగలని ఊళ్ల చుట్టాల దగ్గర్నుంచే. "ఇంతకంటే పెద్దది ఎల్లుండి వస్తుందట, సముద్రం వెనక్కెళ్లిందట, జాగ్రత్త."

అప్పుడు నాకు ఆశ్చర్యమేసింది గానీ, తర్వాత కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాల్లో దీని ఊసు దొరికింది. 1934 జనవరి 15న బిహార్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు జమునా ప్రసాద్ అనే ఆయన జనంలో తిరిగిన పుకార్లు సేకరించారు. భూమి కదిలింది గానీ ఇళ్లు కూలని చోట్ల జనం, ఇంతకన్నా ఘోరం రాబోతోందని చెప్పుకున్నారు. లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికా శాస్త్రవేత్త తర్వాత దీనికి ఒక వివరణ ఇచ్చాడు: వాళ్లకి భయం ముందే పట్టుకుంది, కళ్ల ముందు దానికి కారణం కనపడలేదు, ఆ భయానికి సరిపడే కారణాన్ని పుకారు తెచ్చిపెట్టింది. నాకు ఇది సబబుగానే తోస్తుంది. మీ పెదనాన్నగారు కూడా తమ్ముడి గురించి లోపల బెంగ పెట్టుకునే పంపి ఉంటారు.

తుపాను మెసేజిల గురించి ఒక మాట: విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 54వ సెక్షనుంది. జనాన్ని హడలగొట్టే తప్పుడు హెచ్చరిక పుట్టించినా తిప్పినా ఏడాది దాకా జైలు. మా గ్రూపు అడ్మిన్ ఇది చదివి రెండు రోజులు అన్నం తినలేదు.

గంటస్తంభం గుంట

అందరికీ ధన్యవాదాలు. సిస్టర్ గారూ, ఆ రాత్రే ఆపించాను. నాన్న 'కె' పాత రిపోర్టులో అయిదు పాయింట్ రెండు ఉంది. మళ్లీ చేయించి డాక్టరు గారికి చూపిస్తున్నాం.

మీరన్నట్టే పెదనాన్నకి ఫోన్ చేశాను. ఉడికించిన నీళ్ల సంగతి చెప్పగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే గంజి పారబోసినట్టు సారమంతా నీళ్లలోకి పోతుందన్నమాట" అని ఆయనే అమ్మకి ఫోన్ చేసి పావుగంట పాఠం చెప్పారు. గ్రూపులో "కిడ్నీ రోగులు డాక్టరు సలహా లేకుండా వాడరాదు" అని ఇంకో మెసేజి పెట్టారు. పాతది తీసెయ్యమంటే మాత్రం, "మిగతావాళ్లకి పనికొస్తుంది కదమ్మా" అన్నారు. బాబాయ్ గారూ, రెండు బాణాలే ఉన్నాయి.

ఈ పొద్దున్న కొత్తది: "ఆగస్టు 27 రాత్రి ఆకాశంలో ఇద్దరు చంద్రులు! అంగారకుడు పున్నమి చంద్రుడంత కనిపిస్తాడు. మళ్లీ ఈ జన్మలో చూడలేరు." మనవల్ని మేడ మీదికి తీసుకెళ్తానని ఇప్పట్నుంచే చెప్తున్నారు.

ఏడు రోడ్ల నెట్ బాబాయ్

ఓలమ్మా, అది ఇంకా బతికే ఉందా! ఇది నా షాపులో ప్రింటు తీసిన సరుకే. 2003 ఆగస్టు 27న అంగారకుడు నిజంగానే భూమికి బాగా దగ్గరకొచ్చాడు, దగ్గరంటే అయిదున్నర కోట్ల కిలోమీటర్ల పైచిలుకు. అసలు మెయిల్లో, డెబ్బై అయిదు రెట్లు పెద్దగా చూపించే టెలిస్కోపులో చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత ఉంటాడని రాశారు. చేతులు మారేసరికి టెలిస్కోపు పోయింది, ఆ తర్వాత ఏడాది కూడా పోయింది. ఆగస్టు 27 ఒక్కటి మిగిలింది, అందుకని ఏటా వస్తుంది. ఏ ఏడాది ఆగస్టో ఒక్కసారి అడిగి చూడండి.

గంటస్తంభం గుంట

అడిగాను. "ఏ ఏడాదైతే ఏటమ్మా, పిల్లలు ఒక్క రాత్రి ఫోన్లు పక్కన పడేసి ఆకాశం చూస్తారు" అన్నారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను కూడా వెళ్తున్నాను.